22 అంగుళాలే ఎందుకు?

‘‘ఈ విలువ ఎందుకు తీసుకున్నారు?’’

ఇంటర్వ్యూలో నన్ను కూలబెట్టింది ఈ ఒక్క ప్రశ్నే. కోడింగ్ రౌండ్ దాటాను, ఆప్టిట్యూడ్ దాటాను. చివర్లో ఆయన నా ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు తెరిచి, ఒక టేబుల్‌లోని అంకె మీద పెన్ను ఆనించి అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ప్రాజెక్టు మా బ్యాచ్ నలుగురం డబ్బులేసుకుని హైదరాబాద్‌లో ఒక షాపులో కొన్నది. కిట్టు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబుల కాగితం... అన్నీ ప్యాకేజీలోనే ఇచ్చారు. ఆ కాగితంలో ఈ ప్రశ్న మాత్రం లేదు.

మీలో చాలామందికి ఈ వ్యవహారం కొత్తేం కాదు. ఇప్పుడైతే షాపు దాకా వెళ్లే పని కూడా లేదు. ఏఐని అడిగితే పది నిమిషాల్లో రిపోర్టు చేతికొస్తుంది. కానీ అవతల కూర్చున్నవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్లు రిపోర్టు బరువు చూడటం మానేసి, అందులో ఏదో ఒక అంకె పట్టుకుని ‘ఎందుకు’ అంటున్నారు. ఆ ‘ఎందుకు’కి జవాబు చెప్పాలంటే ఆ అంకెను మీరే ఎంచుకుని ఉండాలి. వేరే దారి లేదు.

మాటలు కాదు, ఒక వస్తువు తీసుకుని చూద్దాం. నేను ఎంచుకున్నది సర్ఫింగ్ బోర్డు. అందులోనూ ‘ఫిష్’ అనే పాతకాలపు మోడల్, దాన్ని కాస్త పెద్ద సైజులో. కావలిలో సర్ఫింగ్ బోర్డేంటి అని నవ్వకండి. స్టేషన్‌లో దిగి తుమ్మలపెంట ఆటో ఎక్కితే సముద్రం వచ్చేస్తుంది. ఒడ్డున ఫైబర్ తెప్పలకు మరమ్మతు చేసే మనుషులున్నారు. ఈ వస్తువుకు కావాల్సిన విద్యలో సగం వాళ్ల చేతుల్లోనే ఉంది. మిగతా సగం మీ సిలబస్‌లో ఉంది.

ఒక కుర్రాడి ఆలోచన

ముందు దీని కథ. 1967లో అమెరికాలోని శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే టీనేజ్ కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని నడపడానికి ఒక పొట్టి బోర్డు చేసుకున్నాడు. వెడల్పు ఎక్కువ, అడుగు దాదాపు చదును, వెనక భాగం చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. కింద రెండే ఫిన్‌లు, అవి కూడా పొడుగ్గా పడవ కీల్‌లా ఉంటాయి. పేరూ అలాగే వచ్చింది. నిలబడి నడిపేవాళ్లకూ అది నచ్చింది. 1972లో శాన్ డియాగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గెలిచిన జిమ్ బ్లియర్స్, రెండో స్థానంలో వచ్చిన డేవిడ్ నూహివా ఇద్దరూ ఫిష్ బోర్డుల మీదే పోటీ చేశారు. ఆ తర్వాత 1981 నుంచి సైమన్ ఆండర్సన్ తెచ్చిన మూడు ఫిన్‌ల బోర్డు రాజ్యమేలింది. ఫిష్ మూలన పడింది. 1996లో వచ్చిన ‘లిట్మస్’ అనే సినిమాలో డెరెక్ హైండ్ ఫిష్ మీద వెళ్లడం చూశాక జనం మళ్లీ దానివైపు తిరిగారు. ‘రెట్రో’ అనే మాట అలా తగులుకుంది.

లిస్ కంటే ముందే ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఈ దారి వేశాడు. పేరు బాబ్ సిమన్స్, చదివింది కాల్‌టెక్‌లో. స్పీడ్ బోట్ల అడుగు భాగం ఎలా ఉంటే నీటి మీదకు లేచి జారుతుందో లిండ్సే లార్డ్ అనే నేవల్ ఆర్కిటెక్ట్ ప్రయోగాలు చేసి 1946లో పుస్తకం వేశాడు. సిమన్స్ ఆ పుస్తకం చదివి, అందులోని సూత్రాలను సర్ఫింగ్ బోర్డుకు తెచ్చాడు. వెడల్పాటి తోక, రెండు ఫిన్‌లు, ఫోమ్, ఫైబర్ గ్లాస్... 1940ల చివరికే ఇవన్నీ ప్రయత్నించాడు. పడవల పుస్తకం చదివి బోర్డు చేశాడన్నమాట. సిలబస్ ఒక చోటుది, వాడకం ఇంకో చోటిది.

సూత్రం సులువే. వేగం తక్కువున్నప్పుడు బోర్డు నీటిని పక్కకు తోసుకుంటూ పోతుంది. వేగం పెరిగితే నీటి ఒత్తిడే దాన్ని పైకి లేపుతుంది, అప్పుడు నీటి మీద జారుతుంది. అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటే తక్కువ వేగంలోనే లేస్తుంది. అంటే బలహీనమైన అలకు కూడా పనికొస్తుంది. మన తీరంలో చాలా రోజులు ఉండేవి అలాంటి అలలే. వాయుగుండం పట్టినప్పుడు పెద్దవవుతాయి, కానీ అప్పుడు నీళ్లలోకి దిగే ముచ్చటే వద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారుల కోసం అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి అంచనాలు ఇస్తూ ఉంటుంది. ఒక సీజన్ పాటు అవి రాసిపెట్టుకుంటే మీ డిజైన్‌కు ఇన్‌పుట్ డేటా వచ్చేసినట్టే.

లెక్క తప్పేది ఇక్కడే

ఇప్పుడు అసలు విషయం. మామూలు ఫిష్ పొడవు 5 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 21, మందం రెండున్నర అంగుళాలు అనుకోండి. ఘనపరిమాణం సుమారు 33 లీటర్లు. సన్నగా ఉండి, బాగా అలవాటున్నవాళ్లకు ఇది సరిపోతుంది. 75 కిలోల బరువుండి, ఈత బాగా వచ్చి, సర్ఫింగ్‌లో ఇంకా కొత్తగా ఉన్న మనిషికి చాలదు. బోర్డు నీళ్లలోకి దిగిపోతుంది, చేతులతో తోసుకోవడమే పెద్ద పనవుతుంది. కాబట్టి పెద్దది కావాలి. ఎలా పెంచాలి?

చాలామంది చేసే పని: సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి స్కేల్ 120 శాతం అని కొట్టడం. అప్పుడు ఏమవుతుందో చూడండి. పొడవు 6 అడుగుల 7 అంగుళాలు, బాగుంది. వెడల్పు 25 అంగుళాలు దాటింది. మందం 3 అంగుళాలు. ఘనపరిమాణం 20 శాతం పెరుగుతుందా? 1.2 ఘనం 1.728. అంటే 33 లీటర్లు కాస్తా 57 అయ్యాయి. ఉపరితలం 1.44 రెట్లయింది కాబట్టి ఫైబర్ గుడ్డ, రెసిన్ ఖర్చూ బరువూ ఆ లెక్కన పెరుగుతాయి.

ఇక వాడకం చూద్దాం. 25 అంగుళాల బోర్డు చంకలో పట్టదు. పడుకుని తోసుకుందామంటే చేతులు అంచు దాటి నీళ్లను సరిగా అందుకోవు. తిరగాలంటే ఒక పక్క అంచును నీళ్లలోకి నొక్కాలి. బోర్డు వెడల్పయ్యే కొద్దీ అంచు మీ పాదానికి దూరమవుతుంది. మందంగా ఉంటే ఆ అంచు మునగనంటుంది. మొత్తం కలిపి, ఫిష్ అనే పేరు మిగిలి, తలుపు చెక్క తయారవుతుంది.

మేం వేసుకున్న లెక్క ఇది. పొడవు మాత్రం 20 శాతం పెంచాం. మందం 10 శాతం, అంటే రెండూ ముప్పావు అంగుళాలు. వెడల్పు ఒక్క అంగుళం పెంచి 22 దగ్గర ఆపాం. ఈ మూడింటి నిష్పత్తులు గుణిస్తే సుమారు 1.38. అంటే 45 లీటర్లకు కాస్త పైన, రెండుంపావు మినరల్ వాటర్ క్యాన్లంత. తేలడానికి కావాల్సింది చాలావరకు పొడవు నుంచి వచ్చింది. పొడవు వల్ల నీటి మీద సాగడం కూడా బాగుంటుంది. తిరగడానికి అడ్డొచ్చే వెడల్పును మాత్రం పెరగనివ్వలేదు. 22 అంగుళాలే ఎందుకు అని ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

తోక సంగతీ అంతే. రెండు కొసల మధ్య దూరం చిన్న ఫిష్‌లో పది అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని కూడా 120 శాతం చేస్తే 12. ఫిన్‌లు దూరం జరుగుతాయి, ఒక అంచు నుంచి రెండో అంచుకు బోర్డు బద్ధకంగా ఒరుగుతుంది. అందుకే తోకను పదికి మించనివ్వలేదు.

వంపు ఇంకో తిరకాసు. బోర్డును పక్క నుంచి చూస్తే ముక్కు కొంచెం పైకి లేచి ఉంటుంది. దాన్ని రాకర్ అంటారు. అదే వ్యాసార్థం ఉన్న వంపును పొడిగిస్తే లేచే ఎత్తు పొడవు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. మూడున్నర అంగుళాల ముక్కు 1.44 రెట్లయి ఐదు అంగుళాలవుతుంది. అంత వంపుంటే నీటి మీద సాగదు. అలాగని మూడున్నరే ఉంచితే, ఒడ్డు దగ్గర ఒక్కసారిగా విరిగే మన అలల్లో ముక్కు గుచ్చుకుపోతుంది. మేం నాలుగున్నర దగ్గర రాజీ పడ్డాం. ఇంజినీరింగ్‌లో ‘ట్రేడ్ ఆఫ్’ అని మనం బట్టీ పట్టే పదం ఇదే. పరీక్షలో రెండు మార్కులు, ఇక్కడ ముక్కు పగలడం.

ఒడ్డున ఉన్న పాఠం

తెప్ప చూశారా ఎప్పుడైనా శ్రద్ధగా? నేను మాట్లాడేది పాత చెక్క తెప్ప గురించి. తేలికపాటి దుంగలు చెక్కి, ముందు భాగం పైకి లేచేలా మలిచి, తాళ్లతో కట్టేవారు. ఒడ్డుకు రాగానే విప్పి ఆరబెట్టేవారు, ఎందుకంటే నీళ్లు పీల్చిన చెక్క బరువెక్కుతుంది. పెద్ద తెప్ప కావాలంటే ప్రతి దుంగనూ అన్ని వైపులా పెంచరు. దుంగల సంఖ్య పెంచుతారు. మనం ఇందాక 1.728తో కుస్తీ పట్టిన సమస్యకు వాళ్లు ఎప్పుడో దారి కనుక్కున్నారు. అలల్ని దాటడానికి ముందు భాగం ఎంత లేవాలో కూడా వాళ్లకు తెలుసు. ఆ తర్వాత ఫైబర్ వచ్చింది, ఇంజిన్ వచ్చింది. చెక్క విద్య ఫైబర్ విద్యగా మారింది.

మా బాబాయ్ కొడుకూ నేనూ వేసవిలో ఈ పని మొదలుపెట్టి, తెప్పలకు ఫైబర్ వేసే అన్న ఒకాయన దగ్గరికి వెళ్లాం. లోపలికి థర్మాకోల్ దిమ్మ వాడదామని మా ప్లాన్. ఆయన డ్రాయింగ్ చూడలేదు, సాఫ్ట్‌వేర్ చూడలేదు. ‘‘మా రెసిన్ దీని మీద పోస్తే ఏమైద్దో ముందు చిన్న ముక్క మీద చూడు అబ్బయ్యా’’ అన్నాడు. పోశాం. కళ్లెదుటే థర్మాకోల్ కరిగి గుంత పడింది. పడవలకు ఎక్కువగా వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులోని స్టైరీన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. థర్మాకోల్ మీద ఎపాక్సీయే వాడాలి. దిమ్మ మొత్తం మీద పోసి ఉంటే ఆ రోజుతో కథ కంచికే. కెమిస్ట్రీలో పాలిమర్స్ చాప్టర్ నేను రెండుసార్లు చదివాను. ఆ గుంత చూశాకే అర్థమైంది.

తయారీ గురించి క్లుప్తంగా చెబుతా. బోర్డులో సగం ఆకారాన్నే పలుచటి ప్లైవుడ్ మీద గీసి కోయాలి. దాన్నే తిరగేసి రెండో పక్క గీస్తే రెండు వైపులూ ఒకేలా వస్తాయి. వంపు గీయడానికి మేకుల మధ్య వెదురు బద్ద వంచితే చాలు, కంప్యూటర్‌లో వాడే ‘స్ప్లైన్’ అనే మాట పుట్టింది ఇలాంటి బద్దల నుంచే. దిమ్మను వేడి తీగతో కోసి, నడిమధ్యన నిలువునా సన్నటి చెక్క బద్ద అతికించాలి, అదే బోర్డుకు వెన్నెముక. అంచులు గుండ్రంగా రావాలని ఒక్కసారే రుద్దకూడదు. ముందు 45 డిగ్రీల పట్టీ, ఆ మూలల మీద మళ్లీ చిన్న పట్టీలు, చివర్లో ఉప్పు కాగితం. గోడలకు రెండు వైపులా నడుము ఎత్తులో ట్యూబ్‌లైట్లు పెట్టి, పైలైటు ఆర్పేయండి. పక్క నుంచి పడే వెలుగులో ప్రతి ఎత్తుపల్లం నీడగా కనిపిస్తుంది. ఇదంతా చేసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఆ దుమ్ము, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచివి కావు.

మేం చేసిన పెద్ద తప్పు మే నెలలో ఉదయం పది గంటలకు ఫైబర్ వేయడం. ఎండెక్కే కొద్దీ థర్మాకోల్ గింజల మధ్య ఉన్న గాలి వ్యాకోచించింది. తడి ఫైబర్ కింద బుడగలు లేచాయి. పైగా కప్పులో ఎక్కువగా కలిపిన ఎపాక్సీ తన వేడికి తనే పొగలు కక్కి గట్టిపడింది. బుడగల్ని కోసి, మళ్లీ అతుకులేసి, రుద్దడానికి నాలుగు రోజులు పట్టింది. రెండో పక్క సాయంత్రం వేశాం. వేడి తగ్గుతుంటే లోపలి గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి పీల్చుకుంది. బుడగ ఒక్కటి లేదు. చార్లెస్ నియమం మాకు కావలి ఎండ నేర్పింది.

మరి ఉద్యోగం?

బోర్డు చేస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. సర్ఫింగ్ బోర్డులు చెక్కే ఉద్యోగాలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. కానీ ఈ పనిలో తగిలినవన్నీ ఒకసారి రాసుకోండి. క్యాడ్, ఫ్లూయిడ్ మెకానిక్స్, పాలిమర్ కెమిస్ట్రీ, కాంపోజిట్స్, టాలరెన్స్, ఖర్చు లెక్క, భద్రత. గాలిమర రెక్కలు, పడవలు, డ్రోన్ బాడీలు, రైలు కోచ్‌ల లోపలి ప్యానెళ్లు... అన్నిటిలోనూ ఫైబర్, రెసిన్, అచ్చు, బుడగల గొడవే. సాఫ్ట్‌వేర్‌కే వెళ్తామంటారా? అక్కడా ‘పది మందికి నడిచింది లక్ష మందికి నడుస్తుందా’ అన్నదే ప్రశ్న. అన్నీ 120 శాతం పెంచితే సరిపోదని ఒకసారి చేత్తో తెలుసుకున్నవాడు సర్వర్ దగ్గర కూడా ఆ మాట మర్చిపోడు.

‘మాకు టైమెక్కడిది, బ్యాక్‌లాగ్‌లు, కోచింగ్, ఇంట్లో డబ్బు ఇబ్బంది’ అంటారు. నిజమే, కాదనను. సైజు తగ్గించుకోండి. పూర్తి బోర్డు చేయలేకపోతే అడుగు పొడవు నమూనాలు రెండు చేయండి, ఒకటి అన్ని వైపులా సాగదీసినది, ఇంకొకటి ఆలోచించి పెంచినది. నీళ్ల తొట్టిలో తేల్చి, బరువులు పెట్టి, ఎంత ఒరుగుతున్నాయో కొలవండి. బోర్డే ఎందుకు, మీ ఊళ్లో రొయ్యల చెరువు ఏరేటర్ ఉంటుంది, ఇటుకల బట్టీ ఉంటుంది, అమ్మ రోజూ తిట్టుకునే గ్రైండర్ ఉంటుంది. ఏదైనా తీసుకోండి. షరతు ఒక్కటే. ఒక నోట్‌బుక్ పెట్టి, మార్చిన ప్రతి అంకె పక్కన కారణం రాయండి. తప్పయితే తప్పని అదే పేజీలో రాయండి. కొట్టేయొద్దు.

కాలేజీలకూ ఒక మాట. ప్రాజెక్టులు కొంటున్నారని విద్యార్థుల్నే తిడితే లాభం లేదు. రిపోర్టు ఇన్ని పేజీలుండాలి, ఫార్మాట్ ఇలా ఉండాలి, బైండింగ్ ఈ రంగులో ఉండాలి అని అడిగినంత కాలం అవి తయారుచేసిచ్చే షాపులూ ఉంటాయి. వైవాలో రిపోర్టు పక్కన పెట్టి, చేతిరాత నోట్‌బుక్కు, పాడైపోయిన మొదటి నమూనా చూపించమనండి. పాడైన నమూనా ఏ షాపులోనూ దొరకదు. ఊళ్లో వెల్డింగ్ చేసే ఆయన్ని, ఫైబర్ వేసే ఆయన్ని ఒక పూట ల్యాబ్‌కు పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి మాట్లాడించండి. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు, రామాయపట్నంలో పోర్టు అని మనం గొప్పగా చెప్పుకుంటున్నాం. వాటి పక్కనే చదువుకునే పిల్లలకు ఒక పడవ అడుగు భాగం ఎందుకు అలా ఉందో తెలియకపోతే ఎలా?

బోర్డు ఏమైందని అడుగుతారు కదా. చెన్నై దగ్గర కోవలంలో సర్ఫింగ్ నేర్పేవాళ్లున్నారు. వాళ్ల కళ్లెదుటే నడిపి చూశాం. మీరు కూడా ఏదైనా చేస్తే అలాగే, తెలిసినవాళ్ల దగ్గరే దిగండి, మన తీరంలో ఒంటరిగా ప్రయోగాలు చేయొద్దు. చిన్న అలను తొందరగానే అందుకుంది. తిరగడం మాత్రం అనుకున్నదానికంటే ఆలస్యం. ఫిన్‌లను కొంచెం ముందుకు పెట్టి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది, తర్వాతి దానిలో చూస్తాం.

ఇంకో సంగతి. గీసింది 22 అంగుళాలు కానీ, టేపు పెట్టి చూస్తే తయారైంది ఇరవై ఒకటీ ముప్పావు. ఒక పక్క అంచు ఎక్కువ రుద్దేశాను, దానికి సరిపోల్చడానికి రెండో పక్కా తగ్గించాల్సి వచ్చింది. ఈ అంకె గురించి నన్నెవరైనా అడిగితే అరగంట మాట్లాడగలను.